డిస్ట్రిబ్యూటర్ బిగించాలంటే బండి స్టార్ట్ చేయకండి

ఖమ్మం జిల్లా బోనకల్ సెంటర్లో పాత అంబాసిడర్ ఒకటి ఆగిందంటే నలుగురు పోగవడానికి ఎంతోసేపు పట్టదు. ఒకరు సెల్ఫ్ కొట్టమంటారు. ఇంకొకరు పెట్రోలు పంపు పోయిందంటారు. మూడో ఆయన ఏకంగా డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యేసి, "అన్నా, జర ఇటు తిప్పుతా, స్టార్ట్ గాకపోతే నన్నడుగు" అంటాడు. అందరూ మంచివాళ్ళే. మన బండి కదలాలని మనకంటే ఎక్కువ తాపత్రయపడేవాళ్ళే. కానీ ఆ మూడు మాటల్లో ఏది విన్నా పావుగంటలో తేలే పని రెండు రోజులు సాగుతుంది. నేను చెప్పబోయేవి వాటికి పూర్తిగా అడ్డం తిరిగిన సలహాలు. షెడ్డులో చెబితే చాదస్తం అంటారు. అన్నా సరే, ఇవే చెబుతాను. ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ తప్పుగా కూర్చున్న బండి ఇక్కడ సెంటర్లో ఆగితే నెట్టేవాళ్ళుంటారు. కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం పోయే అడవి దారిలో పొద్దుగూకాక ఆగితే పిల్లాపాపలతో రోడ్డు పక్కన కూర్చోవాలి.

ముందుగా ఏ బండి గురించో తేల్చుకుందాం. 1489 సీసీ పెట్రోలు ఇంజిను అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన నమూనా. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలై, రకరకాల ఇంజిన్లతో 2014 మే నెల దాకా తయారైంది. డీజిల్ అంబాసిడర్‌కు కాయిల్, ప్లగ్గులు, ఈ డిస్ట్రిబ్యూటర్ ఏవీ ఉండవు. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిను 1800 బండి వేరు, దాని లెక్కలు దాని పుస్తకంలోనే చూసుకోవాలి. పాత రకం డిస్ట్రిబ్యూటర్లు ఎక్కువగా లూకాస్ నమూనావి. 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ వీటిని మద్రాసు పక్కన పాడిలో తయారుచేసింది. ఇంట్లో వాడకుండా పడి ఉన్న బండి ఏదో బానెట్ ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.

ఇక అసలు సామాను చేసే పని. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కాయిల్లో కరెంటు పారుతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి కామ్ పాయింట్లను తెరవగానే ఆ కరెంటు టక్కున తెగి, కాయిల్ రెండో చుట్టులో వేల వోల్టులు పుడతాయి. ఇరవై వేల దాకా పోగలవు. రోటర్ ఆ కరెంటును ఏ సిలిండర్ వంతైతే ఆ వైరుకు అందిస్తుంది. ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే రోటర్ అందులో సగం, 1500 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు వంద నిప్పురవ్వలు. ఒక్కో రవ్వా పిస్టన్ పైకి చేరడానికి కొద్దిగా ముందు పడాలి. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో రూపు దిద్దిన పద్ధతి ఇది. క్యాడిలాక్ కారుకు 1912లో సెల్ఫ్ స్టార్టరు పెట్టిందీ ఆయనే. వందేళ్ళు దాటినా అంబాసిడర్‌లో జరిగేది అచ్చం అదే.

మొదటి సలహా: విప్పకండి

డిస్ట్రిబ్యూటర్ బిగించడం గురించి రాస్తూ విప్పొద్దంటున్నాడేమిటని అనుకోవచ్చు. కానీ విప్పిన డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటిని విప్పాల్సిన పనే ఉండదు. జబ్బు క్యాప్‌లోనో రోటర్‌లోనో పాయింట్లలోనో ఉంటుంది. వాటిని చూడటానికి రెండు క్లిప్పులు ఊడదీస్తే చాలు, బాడీ కదపక్కర్లేదు.

క్యాప్ తీసి వెలుతురులో తిప్పి చూడండి. నడిమధ్య స్ప్రింగు మీద చిన్న బొగ్గు ముక్క ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ బయటికి రావాలి. అది అరిగినా ఇరుక్కున్నా రోటర్‌కు కరెంటు సరిగా అందదు. లోపలి గోడ మీద ఒక ఇత్తడి ముక్క నుంచి ఇంకో ముక్కకు వెంట్రుక మందాన నల్లగీత పాకి ఉంటే క్యాప్ పని అయిపోయినట్టే. ఆ గీత వెంట కరెంటు దొంగదారిన పోతుంది. గోకితే పోదు, క్యాప్ మార్చాల్సిందే. వానాకాలం పొద్దున బండి మొరాయిస్తే క్యాప్ లోపల చెమ్మ ఉందేమో చూసి పొడిగుడ్డతో తుడవండి. సగం బండ్లు దానికే లేస్తాయి.

తర్వాత కాయిల్ నుంచి క్యాప్ మధ్యకు వచ్చే లావు వైరు ఊడదీసి, దాని కొనను కర్రముక్కతోనో మంచి ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతోనో ఇంజిను లోహానికి పావు అంగుళం దూరంలో పట్టండి. చేత్తో మాత్రం పట్టుకోకండి. ఆ దగ్గర్లో పెట్రోలు చుక్క కూడా ఉండకూడదు. తాళం ఆన్ చేసి, మూసుకుని ఉన్న పాయింట్లను ఎండిన పుల్లతో విడదీయండి. చిటుక్కున నీలిరంగు రవ్వ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ పని చేస్తున్నట్టే. జబ్బు క్యాప్, రోటర్, వైర్లు, ప్లగ్గుల వైపు ఉంది. రవ్వ పసుపుపచ్చగా నీరసంగా ఉండి, పాయింట్ల మధ్య మంట ఎక్కువగా కనిపిస్తే కండెన్సర్‌ను అనుమానించండి. పాయింట్లు పదేపదే కాలి గుంటలు పడుతున్నా ముద్దాయి అదే.

బాడీ విప్పాల్సింది ఎప్పుడంటే షాఫ్టు అరిగి అటూఇటూ ఊగుతున్నప్పుడు, లోపలి బరువులు తుప్పుపట్టి బిగిసిపోయినప్పుడు, లేదా అప్పటికే ఇంకెవరో విప్పేసి మీ చేతిలో పెట్టినప్పుడు. మూడోది మన దగ్గర మామూలే.

సెల్ఫ్ జోలికి పోకండి

డిస్ట్రిబ్యూటర్ పెట్టేశాక సెల్ఫ్ కొడుతూ, బాడీని అటూఇటూ తిప్పుతూ, ఎక్కడ లేస్తే అక్కడ బిగించేయడం అందరికీ తెలిసిన పద్ధతి. నేను వద్దంటున్నది దీన్నే. అలా లేచిన ఇంజిను ఎన్ని డిగ్రీల దగ్గర లేచిందో లేపినవాడికీ తెలియదు. రవ్వ మరీ ముందు పడితే తిరగబోతున్న ఇంజిన్ని పేలుడు వెనక్కి తంతుంది. సెల్ఫ్ పళ్ళు, రింగ్ గేరు ఆ దెబ్బ తింటాయి. మరీ వెనక పడితే సైలెన్సర్లో పేలుతుంది. ఈ లోపల బ్యాటరీ దిగిపోతుంది, దిగిన బ్యాటరీతో మంచి టైమింగు కూడా చెడ్డదానిలాగే కనిపిస్తుంది.

ఆగిపోయి చల్లబడిన ఇంజిను మీద, చేత్తో తిప్పుతూ చేయండి. అంబాసిడర్‌కు హ్యాండిల్ ఇచ్చారు, వాడండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు బిగువు, చక్రాలకు రాళ్ళు, తాళం జేబులో. నాలుగు ప్లగ్గులూ తీసేయండి, వేలితో తిప్పినంత తేలిగ్గా తిరుగుతుంది. ప్లగ్గులు ఉండగా హ్యాండిల్ కొట్టాల్సి వస్తే బొటనవేలును మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచి పట్టుకోండి. చుట్టేసి పట్టుకుంటే, హ్యాండిల్ ఎదురు తన్నినప్పుడు మణికట్టు విరుగుతుంది. ఈ జాగ్రత్త పిల్లలకు కూడా చెప్పండి.

ఒకటో సిలిండర్ రేడియేటర్ పక్కది. దాని ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి, ఇంకొకరిని హ్యాండిల్ నెమ్మదిగా తిప్పమనండి. ఒక చుట్టులో వేలి కింద ఏమీ జరగదు. ఇంకో చుట్టులో గాలి వేలిని పైకి నెట్టి పక్కల నుంచి బుస్సుమంటుంది. అదే కంప్రెషన్. అక్కడి నుంచి కళ్ళు కింది పుల్లీ మీదకి పోవాలి. పుల్లీ అంచున ఒక గాడి ఉంటుంది, టైమింగ్ కవరు మీద సూదిమొన గుర్తులుంటాయి. మామూలుగా వాటిలో పొడవైనది పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు, పొట్టివి దానికి ముందు డిగ్రీలు. దుమ్మూ నూనె జిడ్డూ పేరుకుని కనిపించకపోతే తుడిచి, గాడిలో సుద్ద రుద్దండి. మీ ఇంజిను పుస్తకం చెప్పిన డిగ్రీ దగ్గర ఆపండి. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి లాగొద్దు. బాగా వెనక్కి పోయి మళ్ళీ ముందుకు రండి, లేకపోతే చైను వదులు లెక్కలో కలుస్తుంది.

హ్యాండిల్ లేకపోతే? టాప్ గేరులో పెట్టి, రాళ్ళు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి, బండిని అంగుళం అంగుళం ముందుకు నెట్టండి. అంతే.

గుర్తులు పెట్టండి, కానీ వాటిని నమ్మకండి

విప్పే ముందు బాడీకీ ఇంజినుకూ కలిపి ఒక గీత గీయమని ప్రతి పుస్తకం చెబుతుంది. గీయండి. రోటర్ ఏ వైపు చూస్తుందో కూడా రాసుకోండి. అయితే ఆ గీత చెప్పేది విప్పేముందు ఎలా ఉందో మాత్రమే, అది సరిగ్గా ఉందని కాదు. నలభై ఏళ్ళ బండిలో మీకంటే ముందు ఎంతమంది చేతులు పెట్టారో ఎవరికి తెలుసు? ఒకటో నంబరు వైరు ఫలానా చోటే ఉండాలని క్యాప్‌కు పట్టింపు లేదు. కింద డ్రైవ్ షాఫ్టును ఎవరైనా తీసి వేరే పళ్ళ మీద కూర్చోబెట్టి ఉంటే, వైర్లు దానికి తగ్గట్టు జరిపి ఉంటారు. బండి బాగానే నడుస్తుంది, పుస్తకంలో బొమ్మ మాత్రం కలవదు. ఆ బొమ్మ చూసి వైర్లు 'సరిచేసిన' వాళ్ళ బండ్లే మళ్ళీ లేవవు. మీ వేలి కింద గాలి కొట్టినప్పుడు రోటర్ ఏ ముక్కను చూస్తుందో అదే ఒకటో నంబరు. పుస్తకం, గీత, పక్కనున్న మిత్రుడు ఏం చెప్పినా సరే.

అక్కడి నుంచి వైర్లు 1, 3, 4, 2 వరుసలో పోతాయి. ఈ ఇంజినులో రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, వైర్లూ ఆ దిశలోనే పెట్టాలి. గడియారం దిశలో పెడితే ఒకటీ నాలుగూ సరిగ్గానే పడతాయి, మూడూ రెండూ తారుమారవుతాయి. బండి లేచినట్టే లేచి కుంటుతుంది, అందరూ కార్బురేటర్ విప్పమంటారు.

కూర్చోబెట్టడంలో ఒక సుగుణం ఉంది. డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే నాలుక సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త ఒక పక్కకు జరిగి ఉంటుంది. కింది షాఫ్టులో గాడి కూడా అంతే. అందుకే ఇది ఒకే తీరున కూర్చుంటుంది, తలకిందులుగా పెట్టాలన్నా కుదరదు. రంధ్రంలోకి దించి, పైన రోటర్ పట్టుకుని మెల్లగా తిప్పండి. నాలుక గాడిలో పడగానే బాడీ టక్కున కిందికి దిగి ఇంజినుకు ఆనుతుంది. దిగకపోతే సుత్తి తీయకండి. బోల్టు బిగిస్తే అదే దిగుతుందని పానా పెట్టేవాళ్ళున్నారు, అలాగే బాడీని పట్టే ప్లేటు విరుగుతుంది. పైకి తీసి, నూనె రాసి, మళ్ళీ దించండి.

పాత మారుతి 800 సంగతి వేరు. మూడు సిలిండర్లు, వరుస 1, 3, 2. అక్కడ నాలుకకు బదులు ఏటవాలు పళ్ళ గేరు ఉంటుంది, కిందికి దించుతుంటే రోటర్ తనంతట తానే కొంత తిరిగిపోతుంది. ఆ తిరుగుడు లెక్కవేసి ముందే అంత వెనక్కి పెట్టి దించాలి. ఒక పన్ను తప్పితే టైమింగు తప్పినట్టే. దాని గుర్తులు పుల్లీ మీద కాదు, గేరుబాక్సు దగ్గర చిన్న కిటికీలోంచి ఫ్లైవీల్ మీద చూడాలి.

చెవిని కాదు, బల్బును వినండి

టైమింగు చెవితో పెట్టే పెద్ద మేస్త్రీలు ఉన్నారు, వాళ్ళ విద్యను తక్కువ చేయను. కానీ మనం వాళ్ళం కాదు. రెండు వైర్లు పెట్టిన 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి చాలు.

దానికి ముందు పాయింట్ గ్యాప్. కామ్ కొన మీద ఫైబర్ మడమ ఎక్కి పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 15 థౌ ఫీలర్ గేజ్ కొద్దిగా రాసుకుంటూ దూరాలి. అంటే 0.015 అంగుళం, 0.38 మిల్లీమీటరు. విజిటింగ్ కార్డు, బ్లేడు, సిగరెట్ అట్టతో పెట్టేవాళ్ళ మాట వినకండి, గేజ్ ఖరీదు పెద్దదేమీ కాదు. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగు ముందుకు జరుగుతుంది. తగ్గితే వెనక్కి పోతుంది. అందుకే గ్యాప్ ముందు, టైమింగు తర్వాత. ఈ వరుస తిరగేస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది. కామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాయండి. అది కూడా లేకపోతే మడమ అరిగి, గ్యాప్ మూసుకుంటూ, బండి రోజురోజుకూ నీరసపడుతుంది. ఎక్కువ రాస్తే చిమ్మి పాయింట్ల మీద పడి కాలుతుంది.

ఇప్పుడు బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కన కాయిల్ వైరు వచ్చే టెర్మినల్‌కు, రెండోది ఎర్త్‌కు. తాళం ఆన్ చేయండి. పాయింట్లు మూసుకుని ఉంటే బల్బు వెలగదు, తెరుచుకోగానే వెలుగుతుంది. బోల్టు కొద్దిగా వదులు చేసి, బాడీని ముందు రోటర్ తిరిగే దిశలో, అంటే గడియారానికి ఎదురుగా, బల్బు ఆరేదాకా తిప్పండి. తర్వాత గడియారం దిశలో ఊపిరి బిగబట్టి తిప్పండి. బల్బు వెలిగిన ఆ క్షణంలో చెయ్యి ఆగాలి. అదే చోటు. అక్కడే బిగించి, హ్యాండిల్ రెండు చుట్లు తిప్పి, గుర్తు దగ్గరే మళ్ళీ వెలుగుతుందో లేదో చూడండి. బిగించేటప్పుడు బాడీ వెంట్రుకవాసి జరగడం మామూలే, అందుకే ఈ రెండోసారి.

పని అయ్యాక తాళం ఆఫ్ చేయడం మరిచిపోకండి. ఆగి ఉన్న ఇంజినులో పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్లో కరెంటు పారుతూనే ఉంటుంది. టీ తాగి వచ్చేసరికి కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది.

పికప్ కోసం తిప్పకండి

అన్ని సలహాల్లో నాకు బాగా కోపం తెప్పించేది ఇది. "జర ముందుకు పెట్టు, బండి గుంజుతది." నిజమే, గుంజుతుంది, ఖాళీ బండి, చల్లటి పొద్దున. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఐదుగురు మనుషులు, డిక్కీలో సామాను, పైన 45 డిగ్రీల ఎండ. అప్పుడు ముందుకు పెట్టిన టైమింగు టకటక కొట్టుకోవడం మొదలెడుతుంది. ఆ చప్పుడు పిస్టన్ల మీద పడే దెబ్బ. రేడియో పెట్టుకుంటే అది వినపడదు. పిస్టన్ కాలాక ఎవరూ డిస్ట్రిబ్యూటర్‌ను అనుమానించరు, నూనె మార్చలేదనో నీళ్ళు తక్కువయ్యాయనో అంటారు. వేగం పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరపడానికి డిస్ట్రిబ్యూటర్ లోపలే బరువులున్నాయి, లోడును బట్టి సర్దడానికి పక్కన వాక్యూమ్ డబ్బా ఉంది. ఆ పని మీ చెయ్యి చేయాల్సింది కాదు. డబ్బాకు పోయే సన్న గొట్టం ఊడిపోయి ఉందేమో మాత్రం చూడండి, పికప్ పోయిందని ఏడ్చే బండ్లలో అది తరచూ వేలాడుతూ ఉంటుంది.

పాత పుస్తకాల్లో డిగ్రీలు ఆనాటి పెట్రోలుకు రాసినవి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. అందుకని పుస్తకం డిగ్రీ దగ్గర మొదలుపెట్టి, నిండు బండితో ఏదైనా వంతెన ఎక్కి చూడండి. టాప్ గేరులో కొట్టుకుంటే కొద్దిగా వెనక్కి జరపండి. మరీ వెనక్కి పోతే ఇంజిను కాగుతుంది, మైలేజీ పోతుంది, కాబట్టి అదీ అలవాటు చేసుకోకండి.

ఎలక్ట్రానిక్ కిట్ వద్దు

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకొమ్మని చదువుకున్న కుర్రాళ్ళు చెబుతారు. అరుగుదల ఉండదు, రవ్వ బలంగా ఉంటుంది, టైమింగు జరగదు. అన్నీ నిజాలే. హైదరాబాద్‌లో ఉంటే నేనూ కాదనను. కానీ బోనకల్ నుంచి అడవి వైపు తిరిగే బండికి వద్దంటాను. పాయింట్లు చనిపోయే ముందు వారాల తరబడి చెబుతాయి: మిస్సింగ్, బద్ధకం, ఉదయాన్నే మొండితనం. పూర్తిగా ఆగినా గరుకు కాగితం ముక్కతో రుద్ది, గ్యాప్ పెట్టుకుని ఇల్లు చేరొచ్చు. కిట్ చాలాసార్లు చెప్పకుండా పోతుంది, పోయాక చీకట్లో రోడ్డు మీద చేయగలిగింది ఏమీ ఉండదు. కిట్ పెట్టుకున్నవాళ్ళు కనీసం పాత ప్లేటు, పాయింట్లు, కండెన్సర్ మూటగట్టి డిక్కీలో వేసుకోండి.

అదే ముక్క కొత్త సామానుకూ చెబుతాను. కొత్తది కొన్నామని నడుస్తున్న పాత కండెన్సర్‌ను పారేయకండి. అది పని చేస్తుందని మీకు తెలుసు, కొత్తదాని సంగతి ఇంకా తెలియదు. అసలైన సామాను దొరకడం రోజురోజుకూ కష్టమవుతోంది. ఖమ్మంలో దొరక్కపోతే మన బోనకల్ స్టేషన్లోనే రైలెక్కి విజయవాడ ఆటోనగర్ పోయి వెతకండి. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళండి, ఫోన్లో ఫొటో చూపిస్తే వేరేది అంటగడతారు. రోటర్ కొంటే అక్కడే మీ క్యాప్‌లో పెట్టి చూడండి, ఎత్తు తేడా ఉన్నవి అమ్ముతున్నారు.

ఇదంతా అయ్యాక ఒక్క పని చేయండి. చిన్న బ్రష్షుతో బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాయండి: పాయింట్ గ్యాప్ ఎంత, ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టారు, ఒకటో నంబరు వైరు ఎక్కడుంది, ఏ తేదీన చేశారు. ఈసారి బండి సెంటర్లో ఆగినప్పుడు డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యేసే మొదటి మనిషికి దాన్ని చూపించండి.